కొట్టేసిన పేరు కింది పేరు

జూన్ 3, సోమవారం

పొద్దున్నుంచి తుంపర. ఆసుపత్రి ముందు నేలంతా జారుడు. పద్నాలుగు పశువులు వచ్చాయి. రెండింటికి కడుపుబ్బరం, ఒకదానికి కొమ్ము విరిగింది, మిగతావి మామూలే. సూదులు ఉడకబెట్టాను, కట్లు కట్టాను, రిజిస్టరు రాశాను.

ఏటి అవతల గాలికుంటు తగిలిందట. నోట్లో పుండ్లు, గిట్టల మధ్య పుండ్లు, ఆగని చొంగ. ఇటు రాకముందే టీకాలు వేసేయాలని డాక్టరమ్మ అంది. ఏయే పశువులకు వేయాలో ఇకమీదట వారం వారం కంప్యూటర్లో జాబితా తీయాలని పైనుంచి ఉత్తర్వు. నా రిజిస్టరులో నాలుగు వందల పన్నెండు పశువులు ఉన్నాయి. ఇరవై తొమ్మిదేళ్ళుగా కాంపౌండరుగా నేను చేత్తో రాస్తూ వస్తున్నవి. అమ్మినవాటినీ చచ్చినవాటినీ ఎర్ర పెన్నుతో కొట్టేస్తాను.

"మీ ఇంట్లోనే కంప్యూటరు ఉంది కదండీ" అంది డాక్టరమ్మ. కంప్యూటరు అంటే ఆమె ఉద్దేశం మా కోడలు.

కోడలు పెళ్ళికి ముందు కాలేజీలో పైథాన్ చెప్పేది. కంప్యూటరుకు పని చెప్పే భాష అది. ఇప్పుడు పట్నంలో మళ్ళీ అదే చెప్పే ఉద్యోగం వచ్చింది. ఉత్తరం శుక్రవారం అందింది. జులై ఒకటిన చేరాలి. వెళ్తానని గానీ వెళ్ళనని గానీ ఆమె అనలేదు. సాయంత్రం జాబితా సంగతి చెబితే, "ముందు మీ జాబితా అవనివ్వండి మామయ్యా, తర్వాత చూద్దాం" అంది. ఎన్ని రోజుల్లో రాసిపెడతావన్నాను. తాను రాయదట, నేనే రాయాలట. తాను రాసిపెట్టి పోతే రేపు చెడినప్పుడు ఎవరు చూస్తారంది.

ఆ 'పోతే' దగ్గర మా ఆవిడ గిన్నె కాస్త గట్టిగా పెట్టింది.

దూరాన పని చేసుకుంటున్న మా అబ్బాయి ఫోను చేసి పదకొండు రోజులు.

జూన్ 4

వాన లేదు, ఉక్క. తొమ్మిది పశువులు.

సాయంత్రం వరండాలో కూర్చున్నాం. ఆరు లైన్లు రాశాను. తెర మీద ఎర్ర అక్షరాలు వచ్చాయి. వేడి పెనం తగిలినట్టు చేతులు వెనక్కి తీసుకున్నాను. కోడలు నవ్వింది. అది తిట్టడం కాదట, ఎక్కడ నొప్పో చెప్పడమట.

"మీ గొడ్లు నోరు తెరిచి చెప్పవు, ఇది చెబుతుంది. ముందు కింది లైను చదవండి. పైదంతా దాని ఏడుపు."

కింది లైను చదివాను. వరసలు కలవలేదంది. ఇఫ్ అని రాశాక దాని కింద పనులన్నీ కాస్త లోపలికి జరిపి రాయాలి. నేను ఒక లైనును స్పేసు నాలుగుసార్లు నొక్కి జరిపాను, ఇంకో లైనును ట్యాబ్ నొక్కి జరిపాను. కంటికి రెండూ ఒకే వరసలో ఉన్నాయి. మా ఆవిడ కూడా వచ్చి వంగి చూసి, బాగానే ఉంది కదా, దానికేం తెగులు అంది.

"కనిపించేది ఒకటి, లోపల ఉన్నది ఒకటి అత్తయ్యా" అంది కోడలు.

మా ఆవిడ వంటింట్లోకి వెళ్ళిపోయింది.

జూన్ 6

ప్రతి పశువు వయసుకూ ఒక ఏడాది కలపమని రాశాను. నాలుగేళ్ళ గేదె నలభై ఒక్కేళ్ళది అయి కూర్చుంది. నిన్న రిజిస్టరు చూసి నేను చెబుతుంటే కోడలు ఎక్కించిన ఫైల్లోంచి వచ్చిన నాలుగు అంకె కాదట, అక్షరమట. నేను కలపమన్న ఒకటి కూడా అక్షరంగానే రాశాను. అక్షరం పక్కన అక్షరం అతికించింది, అంతే. దీన్ని అంకెగా చూడు అని ముందు చెప్పాలి.

మా ఆవిడ కూరగాయల కత్తి పట్టుకునే వచ్చింది. "నాకు ఎన్నేళ్ళు వస్తాయో చూడమ్మా" అంది. యాభై మూడు పక్కన ఒకటి అతికిస్తే అయిదు వందల ముప్పై ఒకటి వచ్చింది.

"సరిగ్గానే చెప్పింది. ఈయనతో అన్నేళ్ళు కాపురం చేసినట్టే ఉంది" అంది.

కోడలు కడుపు పట్టుకుని నవ్వింది. చాలా రోజులైంది అలా నవ్వి.

జూన్ 7

రాయడానికి ఏమీ లేదు. మావాడి ఫోను రాక పదిహేను రోజులు.

జూన్ 9, ఆదివారం

జాబితా వచ్చింది.

చివరి నాలుగు లైన్లు కోడలు బట్టలు ఆరేస్తుండగా నేనొక్కడినే రాశాను. రాసి చూపించాలని. పని ఇదీ: జాబితాలో ఒక్కో పశువునూ వరసగా చూడు. అమ్మినదో చచ్చినదో అయితే జాబితాలోంచి తీసెయ్. కాకపోతే టీకా కాగితం మీదికి ఎక్కించు. రిజిస్టరు మీద నేను ఇన్నేళ్ళుగా చేస్తున్నది ఇదే. వేలు పెట్టుకుని కిందికి వస్తాను, లేనిదాన్ని కొట్టేస్తాను, ఉన్నదాన్ని ఎక్కిస్తాను.

ఎర్ర అక్షరం ఒక్కటి రాలేదు. పేర్లు, చెవిపోగు నంబర్లు, వీధులు, అన్నీ వరసగా. కోడలు తడి చేతులతోనే వచ్చి చూసింది. "ఇంక నాతో ఏం పని మీకు?" అంది.

చిన్న చిన్న సవరణలు ఇంకా ఉన్నాయన్నాను. ఉన్నాయి కూడా.

జూన్ 10

టీకాలు మొదలుపెట్టాం. డాక్టరమ్మ ఒక వీధి, నేను ఒక వీధి. తొంభై రెండు. చెయ్యి లాగుతోంది.

సాయంత్రం ప్రోగ్రాం తెరిస్తే నడవలేదు. ఇఫ్ లైను చివర ఉండాల్సిన కోలన్, ఆ రెండు చుక్కల గుర్తు, లేదు. ఎలా పోయిందో. కోడలిని పిలిచాను. వచ్చి పెట్టింది. పెట్టడానికి పట్టింది ఒక్క క్షణమే, తర్వాత ఏవో మాటల్లో గంట గడిచింది. వాళ్ళ కాలేజీలో వెనక బెంచీ పిల్లల సంగతులు చెప్పింది.

జూన్ 11

ఎనభై ఎనిమిది. ఎండ.

కోలన్ మళ్ళీ పోయింది. ఈసారి, ఒక్కోదాన్నీ వరసగా చూడమనే ఫర్ లైనులో.

జూన్ 13

టీకాలు పూర్తయ్యాయి. జాబితాలో ఒక్క పేరు వదల్లేదు.

మావాడు ఆసుపత్రికి ఫోను చేశాడు. ఇంటికి కాదు. వాడు అక్కడ ఇంకొకామెతో ఇల్లు పెట్టుకున్నాడు. పోయిన వానల నుంచి. ఈ పుస్తకంలో ఆ మాట రాయడం ఇదే మొదలు. ఇంటి రేషను కార్డులోంచి కోడలి పేరు తీయించమన్నాడు. ఇంటి పెద్దగా కార్డు నా పేరు మీద ఉంది, నేను వెళ్ళి సంతకం పెడితేనే తీస్తారు. నువ్వే వచ్చి ఆ మాట ఆమెతో అను అన్నాను. తనకు వీలు కాదన్నాడు. చూస్తాను అన్నాను. ఇంట్లో చెప్పలేదు.

సాయంత్రం కోలన్.

జూన్ 15

కోడలు తెర వంక చూసి, నా వంక చూసి, "ఈ కోలన్ నిన్న ఉంది మామయ్యా" అంది.

బల్లి ఏమైనా తొక్కిందేమో అన్నాను.

"ఆ బల్లికి పైథాన్ బాగా వచ్చినట్టుంది. సరిగ్గా చూసి కోలన్ మీదే కాలు వేస్తోంది" అని, కోలన్ పెట్టి, లేచి వెళ్ళకుండా అక్కడే కూర్చుంది. ఉద్యోగం సంగతి నేను అడగలేదు, ఆమె ఎత్తలేదు.

తర్వాత పెరట్లో మా ఆవిడ అంటించింది. "ఆ పిల్లని కోలన్లతో ఎన్నాళ్ళు కట్టేస్తారు? పలుపైతే గొడ్డుకైనా కనిపిస్తుంది."

అటక మీద సూట్‌కేసు దించమని ఆ పిల్ల మొన్న అడిగితే, నడుం పట్టేసింది వారం ఆగు అన్నది ఎవరో నాకు తెలుసు.

జూన్ 18, మంగళవారం

మబ్బు. ఆసుపత్రి తలుపు తీస్తుండగానే కుట్టుమిషను ఆవిడ వచ్చింది. మెడలో టేపు అలాగే ఉంది. ఆమెకు ఒకటే ఆవు, మూడు నెలల దూడ. రాత్రి నుంచి ఆవుకు చొంగ కారుతోందట, మేత ముట్టడం లేదట. వెళ్ళి చూశాను. నాలుక మీద పుండ్లు, ముందు కాళ్ళ గిట్టల్లో పుండ్లు. గాలికుంటే.

"మా వీధంతా వేశారన్నా. మా గుమ్మం ముందు నుంచే పోయారు. నేను పిలిచాను కూడా. లిస్టులో లేదన్నారు. మీరు లిస్టు అన్నాక నేనేం అంటాను?"

ఆ రోజు అలా అన్నది నేనే. లిస్టులో లేదు, వచ్చే వారం చూద్దాం అన్నాను. ఆ ఆవు పుట్టినప్పుడు కాళ్ళు పట్టి లాగినవాణ్ణి నేను. అది ఉందో లేదో నాకు కాగితం చెప్పాలా?

పుండ్లు కడిగి మందు పూశాను. దూడను వేరుగా కట్టించాను.

సాయంత్రం కోడలు వరండాలోకి వచ్చి, ఇవాళ బల్లి రాలేదా అంది. తలనొప్పి అన్నాను.

జూన్ 19

సెలవు పెట్టాను. రిజిస్టరు ఇంటికి తెచ్చి, నేను తీసిన జాబితా పక్కన పెట్టుకుని, పొద్దున్నుంచి ఒక్కో పేరూ చూశాను.

రిజిస్టరులో నాలుగు వందల పన్నెండు. కొట్టేసినవి ముప్పై ఒకటి. జాబితాలో మూడు వందల ఎనభై ఒకటి ఉండాలి. మూడు వందల యాభై ఎనిమిదే ఉన్నాయి. చేత్తో రాసే రోజుల్లో ప్రతి పేజీ కింద మొత్తం లెక్క వేసేవాణ్ణి. కంప్యూటరు తీసింది కదా అని ఈసారి వేయలేదు. ఇరవై మూడు పశువులు తప్పిపోయాయి. ఎర్ర అక్షరం ఒక్కటీ రాకుండా.

కుట్టుమిషను ఆవిడ ఆవు పేరు మీద వేలు పెట్టాను. దాని పైన పొట్టి మేస్త్రి గేదె, మాఘంలో అమ్మేశాడు, కొట్టేసి ఉంది. తప్పిపోయిన రెండోదాని మీద వేలు పెట్టాను. దాని పైనా కొట్టివేతే. మూడోది, నాలుగోది, చివరి పేజీలో ఆమె దూడ, అన్నీ అంతే. కొట్టేసిన పేరు కింద ఏ పేరుందో అది జారిపోయింది.

అప్పుడు కోడలిని పిలిచాను. ఆమె నా నాలుగు లైన్లు మొదటిసారి పూర్తిగా చదివింది. లేచి, గుమ్మంలోని చెప్పులన్నీ వరసగా పెట్టింది. నా చూపుడు వేలు పట్టుకుని మొదటి చెప్పు మీద పెట్టించి, రెండో చెప్పు మీదికి జరిపింది. ఆ రెండోది తీసేసింది. మిగతావన్నీ పైకి నెట్టింది. "ఇప్పుడు మూడో చోటికి రండి" అంది. వచ్చాను. నా వేలు కిందికి వచ్చింది మా ఆవిడ ఎడమ చెప్పు. దానికి ముందున్న నా కుడి చెప్పు, తీసేసినదాని చోటికి జరిగిపోయింది. దాన్ని నేను ముట్టుకోనే లేదు.

కాగితం మీద కొట్టేసిన పేరు అక్కడే పడి ఉంటుంది. కింది పేరు కదలదు. కంప్యూటర్లో అలా కాదు. ఒకటి తీస్తే కిందివన్నీ ఒక మెట్టు పైకి జరుగుతాయి, వేలు మాత్రం ముందుకే పోతుంది.

"చాలామంది చేసే తప్పే మామయ్యా. నా పిల్లలు ప్రతి ఏడూ చేసేవాళ్ళు" అంది. తెర వంక చూస్తూ, "మీరు కోలన్ అడిగారు, నేను కోలనే చూశాను. దాని కింది లైను చూడలేదు. చూడాల్సింది" అంది.

కోలన్లు తీసింది నేనేనని చెప్పాను.

"తెలుసు. రోజూ వచ్చి పెట్టింది నేను. ఎందుకు పెట్టానో అడగరేం?"

చెప్పులు మళ్ళీ గుమ్మంలో పెట్టాను.

నడుస్తూ నడుస్తూ జాబితాలోంచి ఏదీ తీయకూడదట. పాతదాన్ని అలాగే ఉంచి, ఉండాల్సినవాటిని కొత్త జాబితాలో రాసుకోవాలట.

జూన్ 21

నిన్న, ఇవాళ మిగిలిన ఇరవై రెండింటి దగ్గరికీ వెళ్ళాం. డాక్టరమ్మకు ఉన్నది ఉన్నట్టు చెప్పాను. ముందు ఆ పని చూడండి, తిట్లు తర్వాత తిందురు గాని అంది. కోడలు ఐసుపెట్టె మోస్తూ నా వెంట నడిచింది. మురుగు దాటేటప్పుడు ఒక చెప్పు తెగింది, రెండోదీ తీసి చేత పట్టుకుంది. ప్రతి గుమ్మం ముందూ జాబితాలో టిక్కు పెట్టి, రిజిస్టరులోనూ పెట్టి, ఇంటావిడను పిలిచి మీ పశువులెన్ని అని నోటితో కూడా అడిగింది. ఒక ముసలాయన, కోడలిని కూడా ఉద్యోగంలో పెట్టావా అన్నాడు. నన్నే ఆవిడ పనిలో పెట్టుకుంది అన్నాను.

ఇరవైకి వేశాం. రెండింటికి అప్పటికే జ్వరం ఉంది, వేయలేదు. వాటిలో ఒకటి కుట్టుమిషను ఆవిడ దూడ.

జూన్ 23, ఆదివారం

కుట్టుమిషను ఆవిడ దూడ పొద్దున పోయింది. ఆవు గడ్డి ముట్టింది. వెళ్ళాను. గొయ్యి తీయడంలో సాయం చేశాను.

జూన్ 24

ఆమెకు చెప్పాలి కదా. వెళ్ళాను. మీ ఆవు పేరు జాబితాలోంచి జారిపోయింది, తప్పు మెషీనుది కాదు, నాది అని చెప్పాను. ఆమె మిషను తొక్కడం ఆపింది.

"చేత్తో రాసిన రోజుల్లో ఎప్పుడైనా తప్పిందా అన్నా?"

లేదన్నాను.

"అయితే చేత్తో కూడా రాయండి."

సరేనన్నాను. ఆమె కుడుతున్న బట్ట సర్దుకుంది. తర్వాత ఇవాళ తన కళ్ళు సరిగా లేవని, సూదిలో దారం ఎక్కించమని అడిగింది. మూడోసారికి ఎక్కింది.

జూన్ 26

వాన. మావాడి ఫోను సంగతి ఇంట్లో చెప్పాను. మా ఆవిడ లోపలికి వెళ్ళి కార్డు తెచ్చి నా ముందు పెట్టింది. వరసగా నాలుగు పేర్లు. నాది, ఆమెది, వాడిది, దాని కింద కోడలిది.

నీ పేరు తీయమంటావా, ఉంచమంటావా అని కోడలిని అడిగాను.

"ఉంచండి" అంది. బియ్యంలో రాళ్ళు ఏరుతూ ఉంది. కొంతసేపటికి, "ఉద్యోగానికి మాత్రం వెళ్తాను మామయ్యా" అంది.

వెళ్ళమన్నాను. జాబితా అయిపోయిందన్నాను.

ఆఫీసులో పాత కార్డు మీద గీతలు కొట్టడం కుదరదన్నారు. వేరే ఇల్లు పెట్టుకున్నవాళ్ళు అక్కడే రాయించుకోవాలి, ఇక్కడ ఉండేవాళ్ళ పేర్లు కొత్త ఫారం మీద రాసివ్వాలి. మూడు పేర్లు రాశాను. గుమాస్తా చదివి, "కొడుకు లేకుండా కోడలేంటండీ?" అన్నాడు.

"ఉంది కదా, రాసుకోండి" అన్నాను.

రాసుకున్నాడు. ముద్ర వేసేటప్పుడు పేర్లెన్ని అని అడిగి, నేనే మళ్ళీ చూశాను. మూడు.

జూన్ 28

ప్రోగ్రాం మళ్ళీ మొదటి నుంచి రాశాను. పాత జాబితాను ముట్టుకోలేదు. కింద మొత్తం ఎన్ని పేర్లో చెప్పే లైను ఒకటి పెట్టాను. మూడు వందల ఎనభై అని వచ్చింది. ఒకటి తగ్గిందేమని గాభరా పడ్డాను. తర్వాత గుర్తొచ్చింది. దూడ. రిజిస్టరులో దాన్ని కొట్టేసింది నేనే.

ఈసారి కోడలు ప్రతి లైనూ చదివింది. ఏమీ దిద్దలేదు.

జూన్ 29

మా ఆవిడ నడుం బాగైంది. స్టూలు ఎక్కి తనే సూట్‌కేసు దించింది.

సాయంత్రం ప్రోగ్రాం తెరిస్తే ఎర్ర అక్షరాలు. కింది లైను చదివాను. కోలన్ లేదు. నేను తీయలేదు. పెట్టేశాను, నడిచింది. కోడలు అటు తిరిగి చీరలు మడత పెడుతోంది.

"బల్లి" అంది, తిరక్కుండానే.

కంప్యూటరు నాకే వదిలి వెళ్తానంది. అక్కడ వాళ్ళు వేరేది ఇస్తారట. ఎర్ర అక్షరాలు వస్తే ఫోను చేయమంది. రాకపోయినా చేయమంది.

జూన్ 30, ఆదివారం

మబ్బు. వాన లేదు. ఆసుపత్రి సెలవు. కోడలు పొద్దున ఆరూ నలభై బస్సుకు వెళ్ళింది.